సువర్ణ నేసిన పెళ్లిచీర

ధర్మవరంలో సువర్ణ అంటే మొన్నటిదాకా పట్టుచీరలే గుర్తొచ్చేవి. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనయ్యాక జనం గొంతు తగ్గించి "ఆ జబ్బామె" అనసాగారు. మనవాళ్ల జాలికి నోటి దురద ఎక్కువ.

ఆసుపత్రిలో పక్క మంచం మీద ఆమెకు పరిచయమైన పిల్ల త్రివేణి. ఇంకా బడికెళ్లే వయసు. క్యాన్సర్ మందు ఎక్కించడానికి దుడ్లు లేక తల్లి బయమ్మ ఆ పిల్లను మధ్యలోనే ఇంటికి తీసుకొచ్చేసింది. అది తెలిశాక సువర్ణ వీధిలో అందరి ముందూ మాటిచ్చింది. పక్షం రోజులు పట్టే చీరను వారంలో ఒక్కతే నేస్తుందట, గుడి దగ్గర వేలం వేసి, వచ్చిందంతా త్రివేణికి ఇస్తుందట. పట్టు వ్యాపారి వెంకటేశులు పట్టునూలూ జరీ ఉచితంగా ఇచ్చాడు. పెళ్లిచీరకైతే మంచి ధర పలుకుతుందని ఆమె పెళ్లిచీరే ఎంచుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

కుడి చేత్తో తాడు లాగి అడ్డపోగు మోసే నాడె పంపాలి, ఎడమ చేత్తో ఆ పోగు బిగిసేలా పలక కొట్టాలి. ఆపరేషనైంది ఎడమవైపే. మూడోనాటికి ఆ చెయ్యి ఉబ్బిపోయింది, సబ్బు రాసి గాజులు తీయాల్సొచ్చింది. జనం వచ్చి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు. మొగుడు ఓబిలేష్ మాత్రం టీకొట్టు వదల్లేదు. ఆమె జబ్బు పడ్డాక అతను మగ్గం గుంటలోకి దిగిందే లేదు. ఆమె మాట తప్పలేదు. అనుకున్న రోజుకు నేత పూర్తయి చీర మగ్గం దిగింది.

వేలం నాడు గుడి ముందు ఒక్కరూ పాట పాడలేదు. వెనక నుంచి ఒకావిడ అననే అంది, "జబ్బు చేతులతో నేసిన చీరను పెండ్లికూతురికి ఎట్ల కడతామమ్మా?" చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఒళ్లో ముడుచుకుని కూర్చున్నాయి. ఆ గుంపులోనే ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో శింగనమల నుంచి అంజనమ్మ కారు దిగింది. భూములున్న ఇల్లు, కూతురి పెళ్లి దగ్గర పడింది. అంచు తడిమి చూసి, "బాగుండాది. ఎవరు నేసినారు?" అని అడిగింది.

వెంకటేశులు గబుక్కున సువర్ణను పక్కకు పిలిచాడు. "ఆమె పైవూరు నుంచి వచ్చిండాది, ఏమీ తెలీదు. ఓబిలేషు నేసినాడని మైకులో చెప్పు. చీర పోతాది, పిల్ల బతుకుతాది."

"నా చెయ్యి చూడన్నా, ఎట్లయిందో."

"చూస్తానే ఉండాను లేమ్మా. దాన్ని కొంగు కింద పెట్టుకో."

సువర్ణ బయమ్మ వైపు చూసింది. బయమ్మ తల ఎత్తకుండానే చేతులు జోడించింది.

సువర్ణ కొంగు కప్పుకుని మైకు అందుకుంది. "నా మొగుడు నేసినాడు. నేను మగ్గం తాకలేదు."

వారం పొడుగునా చూసిన ఊరు కిక్కురుమనలేదు. పైగా బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుంది. అంజనమ్మ చెప్పిన ధరంతా ఇచ్చి చీర తీసుకుంది. టీకొట్టు దగ్గరున్న ఓబిలేష్‌ను పిలుచుకొచ్చి శాలువా కప్పారు. అంజనమ్మకు ఎక్కడ అనుమానం వస్తుందోనని భయపడిన బయమ్మ అందరికీ వినపడేలా ఏడుస్తూ అతని కాళ్ల మీద పడింది.

"నీ చేతులు సల్లగుండల్లన్నా. నా బిడ్డను బతికిచ్చినావు."

సువర్ణ చూస్తూనే ఉంది. ఓబిలేష్ కాళ్లు వెనక్కి తీసుకోలేదు.