పుస్తకానికి ఐదొందలు

గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్లో ముప్పై ఏళ్లుగా కంది బస్తాలు మోస్తున్నాను. చదువు నాలుగుతో ఆగింది. గొంతు పెద్దదని మా హమాలీ సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఆ గొంతుతోనే సంఘాన్ని ముంచాను.

మా లెక్కలు ఏటా ప్రేమలమ్మ తనిఖీ చేసేది. మా చర్చి మనిషే. పన్నెండు వేలు తీసుకుని నాలుగు రోజులు కూర్చునేది, ప్రతి రసీదూ అడిగేది. నిరుడు నాకు బేరం బుద్ధి పుట్టింది. మాకు బస్తాకింత అని కూలి కదా, ఆమెకూ అదే లెక్క పెట్టాను.

"ఆరు పుస్తకాలున్నయి. పుస్తకానికి ఐదొందలు. సరేనా, అమ్మా?"

"బస్తాకు రూపాయి తగ్గిస్తే మీరేం చేస్తరు, యెహోషువన్నా?"

"ఇసిరేస్తం. చినిగితే చినుగుతది."

"నేను ఇసిరెయ్య. వేరేటోళ్లను చూసుకో."

జవాబు నా నోటితోనే వచ్చింది. చెవికెక్కలేదు.

మా కార్యదర్శి కాశప్ప భాల్కి నుంచి ఒకతన్ని మూడు వేలకు తెచ్చాడు. లెక్కలు రాసేది కాశప్పే, అతనికి డబ్బు ఇచ్చిందీ, భోజనం పెట్టించిందీ కాశప్పే. చాయ్ చల్లారేలోపు ఆరు పుస్తకాలకూ సంతకాలైపోయాయి. తొమ్మిది వేలు మిగిల్చానని గంజ్ అంతా చాటుకున్నాను.

ఈ ఏడు నా మోకాలు పోయింది. ఆపరేషన్‌కు సంఘం సాయం నిధి నుంచి నలభై వేలు అడిగాను. నిధి ఖాళీ. పదకొండు మంది రోగులకు ఇచ్చినట్టు పుస్తకంలో ఉంది. వాళ్లలో మా హమాలీ పీరప్ప చనిపోయి మూడేళ్లు. మిగతా వాళ్లను గంజ్‌లో ఎవరూ చూడలేదు.

"తొమ్మిది వేలు మిగిల్చినవ్ గదా, దాంతోని పావు కాలు చేయించుకో," అంది నా భార్య హేబ్సిబా.

కుంటుకుంటూ నౌబాద్‌లో ప్రేమలమ్మ ఇంటికి పోయాను.

"పాత లెక్కనే పన్నెండు వేలిస్తం, రా అమ్మా."

"పదిహేను. నిరుటిది గూడ మల్ల చూడాలె. పైసలు కాశప్ప చేతుల నుంచి వద్దు, అందరున్న మీటింగుల ఇయ్యుండ్రి."

బేరమాడబోయి నోరు మూసుకున్నాను.

నాలుగు రోజులు చూసి, ఐదో రోజు మీటింగ్‌లో సాయం నిధి నుంచి డబ్బిచ్చినట్టు రాసిన చీటీలు తీసింది. కాశప్ప తల వంచుకున్నాడు. ఆమె మాత్రం నా వైపు తిరిగింది.

"అన్నా, ఈ పదకొండు చీటీల మీద రెండో సంతకం ఎవలది?"

"నాదే."

"సదివి పెట్టినవా?"

"లేదమ్మా. కాశప్ప ఏలు పెట్టిన కాడల్లా పెట్టిన."

"గదే రాస్త," అని రాసింది.

నాలుగు నెలల్లో డబ్బంతా కడతానని కాశప్ప ఒప్పుకున్నాడు. వచ్చిన డబ్బు, సాయం కావాల్సిన హమాలీల్లో ముందు ఎవరికివ్వాలో అప్పుడే రాసుకుందామన్నారు సంఘంవాళ్లు. నా మోకాలు అందరికంటే చివర రాయమన్నాను.

ఎవరూ వద్దనలేదు.