టవర్‌కు కట్టిన తాడు

వయసులో ఉన్నప్పుడు మనకు తెలియనిది ఏదీ లేదనిపిస్తుంది. ఒమన్‌కు సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నేనూ అలాగే ఉండేవాణ్ణి. సీబ్ అనే ఊరు దాటాక ఒక ఖర్జూరపు తోటలో నా డ్యూటీ. నీళ్లు పెట్టడం, మట్టలు కొట్టడం, మేకలకు గడ్డి వేయడం. (కరీంనగర్‌లో ఏజెంటు చెప్పింది ఆఫీసు పని. మేకలు వేళకు హాజరయ్యేవి కాబట్టి ఇదీ ఆఫీసే అని సరిపెట్టుకున్నాను.) తోట యజమాని ముసలాయన, ఆయన్ని అర్బాబ్ అనేవాణ్ణి. ఆయన భార్యను అక్కడి అలవాటు ప్రకారం మామా, అంటే అమ్మా, అనాలి. పిలిచిన ప్రతిసారీ నాకు మా మేనమామ మీసాలు గుర్తొచ్చేవి.

ఒకసారి ఫోను కంపెనీ వాళ్లు టవర్‌కు తోటలో జాగా అడిగారు. వాళ్లకు నచ్చిన చోట, వాది ఒడ్డున, ఒక పాత ఖర్జూరపు చెట్టుంది. (వాది అంటే వాగే. ఏడాదంతా ఇసుక, వానొస్తే మాత్రం దాని ముందు నిలవలేం.) "మా అమ్మ పెట్టిన చెట్టు, కొట్టనివ్వను" అన్నాడు అర్బాబ్. దాంతో టవర్ కాస్త ఇవతలికి జరిగి, చెట్టుకూ ఇంటికీ మధ్య నిలబడింది. ఇక ఆ రోజు నుంచి మామా నోటికి తీరిక లేదు. ఈ ఇనుము ఒకనాడు మన నెత్తిన పడుతుందని పొద్దునా సాయంత్రం అనేది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. వాది వైపు నుంచి ఇంటి మీదికి గాలి మొదలై, టవర్ ఈలలు వేయసాగింది. అర్బాబ్ తలగుడ్డ ఊడిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"టవర్ గిరేగా! ఘర్ ఖలాస్! మామా ముఝే భీ ఖలాస్ కరేగా!"

"ఏం గాదు అర్బాబ్, మై బాంధేగా" అన్నాను.

మా ఊళ్లో గాలిదుమారం వస్తే పశువుల కొట్టం కప్పు లేచిపోకుండా వేపచెట్టుకు తాడేసి కట్టేవాళ్లం. కొట్టమైతేనేం, టవరైతేనేం! గాలి ఇంటివైపు తోస్తోంది కాబట్టి అవతలి ముసలి చెట్టుకు కట్టాలని తేల్చాను. లావు తాడు తెచ్చి ఒక కొస టవర్ కాలికి వేసి, నిచ్చెనెక్కి రెండో కొస చెట్టుకు బిగించాను. అర్బాబ్ కింద నుంచి "జోర్ సే!" అంటూ లాగాడు. (ఇద్దరు బక్కప్రాణులు ఇనుప టవర్‌ను కాపాడుతున్నారు. మామా కిటికీలోంచి దేవుణ్ణి తలుచుకుంటోంది, గాలిని చూసో మమ్మల్ని చూసో తెలియదు.)

ప్రమాదం మాత్రం మేము చూడని వైపు నుంచి వచ్చింది. కొండల్లో పడ్డ వాన వాదిలోకి దిగి ఒడ్డును కోసేసింది. చెట్టు మొదట్లో మట్టి జారి, చెట్టు మెల్లగా వరదలోకి వాలింది. తాడు బిగుసుకుంది. చెట్టు సగంలో ఆగిపోయింది. అర్బాబ్ "యుమ్మా!" అని అరిచాడు. ఆ కేకకు నాకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మర్నాడు టవర్లు చూసుకునే హైదరాబాద్ భాయ్ వచ్చాడు. తాడు చూసి నిలబడిపోయాడు.

"క్యా మియాఁ, టవర్ కు ఝాడ్ సే బాంధే?"

"పడ్తదేమోనని, భాయ్..."

"దీని కాళ్లు భూమిల ఎంత లోతున్నయో ఎర్కేనా? నువ్వు దీనికి తాడు కడ్తవా! కోయ్, ఇప్పుడే కోయ్. మా సార్ చూస్తే నా నౌకరి పోతది."

కొడవలి తెచ్చాను గానీ చెయ్యి ఆడలేదు. తాడు కోస్తే చెట్టు వాదిపాలు. కంపెనీకే జాగా ఇచ్చిన ఆసామి, గద్దించి అడగగలవాడు, చెట్టు మీద చెయ్యేసి చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకుంటున్నాడు. భాయ్ కాసేపు ఆయన్నే చూశాడు.

"నేను అజైబా ఊర్ల ఇంకో టవర్ చూసొస్తా. వచ్చేటాల్లకు తాడు ఉండొద్దు" అన్నాడు. బండెక్కి మళ్లీ తల బయటపెట్టి, "సాయంత్రం దాకా రాను" అన్నాడు.

వరద అప్పటికి తీసింది. ఇక కోసుకుపోయిన ఒడ్డు పూడ్చడానికి రాళ్లూ మట్టీ మోశాం. మామా కూడా తట్ట ఎత్తుకుంది. చెట్టు కింద దుంగలు పోటు పెట్టాం. భాయ్ తిరిగొచ్చాక అతని ముందే తాడు కోశాను. చెట్టు కిర్రుమంది, ఒక జానెడు దిగింది, ఆగింది. అర్బాబ్ నన్ను వాటేసుకుని మట్టిచేతులతో నా వీపంతా తట్టాడు.

ఇప్పుడు నాకు తెలివి వచ్చింది. టవర్‌ను తాడుతో కట్టమని ఎవరైనా అంటే నవ్వి పక్కకు తప్పుకుంటాను. గాలిలో నిచ్చెనెక్కిన ఆ పోరడికి ఇంత తెలివే ఉండి ఉంటే, ముసలాయన వాళ్లమ్మ చెట్టు ఆ వానకే కొట్టుకుపోయేది.