మూడు గిన్నెల రేవణసిద్ధప్ప

జహీరాబాద్ బజారులో కిరాణా కొట్టు రేవణసిద్ధప్పకు మనుషుల మీద ఎంత నమ్మకమో, వాళ్ల నాలుకల మీద అంత అపనమ్మకం. ఆ రోజుల్లో ఆయన దగ్గర బెల్లం కొనాలంటే ముందు కళ్లు మూసుకోవాలి. రెండు ముక్కలు నోట్లో పెట్టి ఏది ఎక్కువ తీపో అడిగేవాడు. చెప్పాక, అవే ముక్కలు మళ్లీ నోట్లో పెట్టి అడిగేవాడు. జవాబు మారిందా, అయిపోయారే!

"ఇప్పుడే గిట్లంటివి, గంతల్నే గట్లంటివి! నీ నాలుక ఫెయిల్!" అని కొట్టు దద్దరిల్లేలా నవ్వేవాడు.

భార్య శాంతమ్మ చాయ్ ఇచ్చినా, "ఇంకో కప్పు తే, రెండూ చూసి చెప్త" అనేవాడు.

"రెండు కప్పులు తాగుడే నీ పరీక్ష" అని ఆవిడ సణిగేది.

ఊరంతా ఫెయిలైన ఆ పరీక్షలో పాసైంది ఒక్క సంగమ్మే. పెళ్లిళ్లకు వండిపెట్టి బతికే మనిషి. అప్పుడే విషజ్వరం నుంచి లేచింది గానీ, నోటికి ఏ రుచీ తెలియడం లేదు. ఆ సంగతి పొక్కితే వంటకు ఎవరు పిలుస్తారు? సరుకులకు కొట్టుకొచ్చి, దేవుడా అనుకుంటూ కళ్లు మూసుకుంది. నోట్లో ఏదో పలుకు పడింది.

"కలకండనే కదన్నా! మస్తు తియ్యగున్నది."

రేవణసిద్ధప్ప ఆమె ముఖంలోకి చూసి, "శాబాష్, పాస్!" అని బజారంతా వినబడేలా అరిచాడు. బతికిపోయాననుకుంది సంగమ్మ.

డెబ్బై ఎనిమిదిలో ఆ ఊళ్లోనే బాలమణి అనే ఆవిడ బిడ్డ పెళ్లి. వంట సంగమ్మదే. మగపెళ్లివారి పెద్ద చంద్రశేఖర్ పొయ్యిల దగ్గరికి వచ్చి పప్పుచారు చప్పరించాడు.

"థూ, ఒట్టి ఉప్పు! ఈమెను పంపియ్యున్రి, వేరేటోళ్లను పిలువున్రి!"

సంగమ్మ గరిటె కింద పెట్టేసింది.

"జర ఆగున్రి పటేలా" అంటూ రేవణసిద్ధప్ప మూడు గిన్నెల్లో పప్పుచారుతో ప్రత్యక్షమై, ఆయన కళ్లకు కండువా కట్టేశాడు. చంద్రశేఖర్ ఒక్కోటీ రుచి చూసి తీర్పు చెప్పాడు.

"మొదటిది ఉప్పు. రెండోది చప్పగున్నది. ఇగో, మూడోది కుదిరింది."

"మూడూ ఒక్క గుండిగెలయే పటేలా!"

పందిరి పందిరంతా విరగబడి నవ్వింది. చంద్రశేఖర్‌కూ నవ్వక తప్పలేదు. కండువా విప్పుకుని మెల్లగా జారుకున్నాడు.

అందరూ పొయ్యిల దగ్గర నుంచి వెళ్లాక రేవణసిద్ధప్ప గొంతు తగ్గించాడు. "చెల్లె, ఆయన మొదలు చెప్పిందే నిజం. ఉప్పు ఎక్కువనే పడ్డది. ఇన్ని నీళ్లు, జర చింతపులుసు పోసి మరగనియ్యి."

సంగమ్మ నివ్వెరపోయింది. "నాకు రుచి తెలుస్తలేదని నీకెట్ల ఎర్కన్నా?"

"ఆనాడు నీ నోట్ల ఏసింది రాళ్ల ఉప్పు."

"మరి పాస్ అంటివి!"

"పరీక్ష నాది, మార్కులు నా ఇష్టం. జరుగు, వంకాయ కూర చూడనియ్యి."

అప్పటినుంచి సంగమ్మ ఎక్కడ వండినా ఆయన పిలవకుండానే వచ్చి గిన్నె పట్టుకుని నిలబడేవాడు. పిచ్చి ముదిరిందని ఊరంతా నవ్వేది. సంగమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆయన తల ఊపేదాకా మాత్రం గుండిగె దించేది కాదు.