ఒక్క గదే వెచ్చగా ఉంది

చనిపోయిన మనిషి మీద తప్పు మోపారు. మా మేస్త్రి మంగళవారం గుండె ఆగి పోయారు. శుక్రవారం కంపెనీ ఆఫీసు నోటీసు అంటించింది. మలేసియాలో చలి ఎక్కువుండే కామెరన్ కొండ మీద మేం పనిచేసిన గెస్ట్‌హౌస్‌లో నేల వేడెక్కకపోవడానికి ఆయన నేల కింద వేడినీళ్ల పైపులు వేసిన తీరే కారణమట. ఆయన ఇక జవాబు చెప్పలేరు. అందుకని నేను చెబుతున్నాను.

పైపులు వంచడం నేను వీడియోలు చూసి నేర్చుకున్నాను. నేల సంగతి ఆయన నేర్పారు. కింద సుంగై సిపుట్ ఊరి నుంచి వ్యాన్‌లో కొండెక్కగానే గడప దగ్గర బూట్లు విడిచి గదంతా వట్టి కాళ్లతో తిరిగేవారు. "బూటుకేటి తెలుస్తాది అమ్మీ? కాలునడుగు" అనేవారు. చలి కిటికీ వైపు నుంచే వస్తుందని అక్కడ పైపులు దగ్గర దగ్గరగా వేయించేవారు. టీ గ్లాసు మాత్రం ఎక్కడ పెట్టారో రోజూ మరిచిపోయేవారు. వెతకలేక నాకు విసుగొచ్చేది.

వేడినీళ్ల పైపుల కింద ముందు ఫోమ్ పలకలు పరవాలి. మొదటి గదికి పరిచాం. మర్నాడు సూపర్‌వైజర్ మిగతా పలకలన్నీ పైకి మోయించాడు.

"ఫోమ్ కప్పు కింద కొడతారు మేస్త్రీ. మనకి ఎండ పైనుంచి కదా. నేల కింద ఎవడేస్తాడు?"

"కింద అడ్డు లేపోతే వేడి మట్టిలోకి దిగిపోద్ది బాబూ. ఈ కొండంతటినీ వెచ్చబెడతావేటి?"

మేమంతా నవ్వాం. సూపర్‌వైజర్ నవ్వలేదు. ఉత్త నేల మీదే పైపులు పరిచి కాంక్రీటు పోయమన్నాడు. మేస్త్రి మూడు రోజులు వాదించారు. చివరికి ఆఫీసే ఫోన్ చేసి, చెప్పింది చెయ్యమంది.

ఇప్పుడు అన్ని గదులూ చల్లగా ఉన్నాయి. మొదటిది తప్ప. అవే పైపులు, అదే బాయిలర్, అదే చేయి. ఇది తెలియడానికి ఇంజినీరు కావాలా?

ఆ గది పూర్తయ్యాక ఆయన కళ్లు మూసుకుని కిటికీ నుంచి గుమ్మం దాకా నడిచారు. "అంతటా ఒక్కలాగే ఉన్నాది" అన్నారు. తన పనిని అంతకుమించి మెచ్చుకోగా నేను వినలేదు.

నోటీసు ఫొటో చూసి ఆయన భార్య నన్నడిగింది: "నిజంగా తప్పు సేసినాడేటే?" పదకొండో రోజు భోజనాలకు ఆయనతో పనిచేసినవాళ్లంతా ఆ ఇంటికి వస్తారు. వాళ్ల ముందు ఆవిడ తల వంచుకు కూర్చోవాలా?

ఆఫీసువాళ్లూ, బూట్లు విప్పి మొదటి గదిలోంచి రెండో గదిలోకి నడవండి. నోటీసు తీసేయండి. పలకలు ఎవరు తీయించారో రాసి, సంతకం పెట్టి, ఆవిడ చేతికివ్వండి. ఈ శుక్రవారం, విస్తళ్లు వేసేలోపు.

ఆయన టీ గ్లాసు మొదటి గది కిటికీ గట్టు మీదే ఉంది. ఆ కాగితం ఆవిడ చేతికొచ్చేదాకా నేను దాన్ని తీయను.