జోలపాటకు డాన్స్ బీటు

ఆ రోజుల్లో నా దృష్టిలో సంగీతమంటే చప్పుడే. ఎంత చప్పుడైతే అంత విద్వత్తు. స్టీల్ ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరిన కొత్త (పగలు అక్కడా చప్పుడే). ఇంట్లో పోరుపెట్టి కొనిపించుకున్న కీబోర్డు ఒకటుండేది. ఎడమచేత్తో రెండు మూడు మెట్లు కలిపి నొక్కితే చాలు, డ్రమ్ములూ బేసూ బాకాలూ దానంతటదే మోగించేసేది. ఆ తయారు మేళాన్నే స్టైల్ అంటాం. అందులో సాదా స్టైళ్లూ ఉండేవి, వాటి మొహం నేనెన్నడూ చూడలేదు. మా కాలనీలో పాటల ట్రూపు నడిపే ఆయన్ని అందరం ఆర్కెస్ట్రా బావ అనేవాళ్లం. ఆయన దగ్గర కీబోర్డు వాయించే మనిషి మానేశాడని నన్ను పిలిచాడు. "తగరపువలసలో బారసాల ఉంది బావా. ఇయాల బాగా వాయిత్తే నువ్వే మా పెర్మనెంటు" అన్నాడు. ఇంకేం, నా కాళ్లు నేలమీద ఆనలేదు. బస్సులో ఒళ్లో కీబోర్డు, మనసులో స్టేజీ!

పాపను ఉయ్యాల్లో వెయ్యగానే నాయనమ్మ మైకులో జోలపాట అందుకోవాలి. "సాదాగా పెట్టు" అన్నాడు బావ నా చెవిలో. సాదాగానా? నా సీటు తేలే రోజునా? అన్నిటికన్నా జోరైన డాన్స్ స్టైల్ నొక్కాను. అబ్బ! బాకాలు లేచాయి, డ్రమ్ములు దద్దరిల్లాయి, కుర్రాళ్లు ఈలలేశారు. నా ఆనందం ఏం చెప్పను! నాయనమ్మ రెండు మాటలు పాడేసరికి బీటు వీధి చివరికి పోయింది, ఆవిడ ఆయాసపడుతూ వెంటపడింది. ఉయ్యాల పట్టుకున్న మేనత్త తనకు తెలియకుండానే బీటుకి ఊపేస్తోంది. పాప కెవ్వుమంది.

"ఏట్రా గుంటడా! నాను జోల పాడతన్నానా, ఊరేగింపు తీత్తన్నానా?" అని నాయనమ్మ మైకులోనే అడిగింది. పందిరంతా గొల్లుమంది. బావ మొహం మాడిపోయింది. అయిపోయింది నా పెర్మనెంటు అనుకుంటూ, బాకాలూ డ్రమ్ములూ ఒక్కొక్కటే ఆపేశాను. సన్నగా బేసు, తబలా మిగిలాయి (అవీ భయపడుతూనే). అప్పుడు వినపడింది ఆవిడ గొంతు. ఎంత బాగుందో! పాప కళ్లు మూతలు పడ్డాయి. అందరూ ఉయ్యాల వైపే చూస్తున్నారు. నావైపు ఒక్కరైనా చూస్తే ఒట్టు.

సామాను సర్దుతుంటే బావ వచ్చి, "సివర్లో నువ్వు వాయిత్తన్నట్టే ఎవులికీ తెలీలేదు. రేపట్నించి వచ్చెయ్" అన్నాడు. సీటొచ్చిందని గంతెయ్యాలో, అంత మాటన్నాడని ఏడవాలో తెలియక బస్సులో దారంతా మొహం ముడుచుకుని కూర్చున్నాను. పిచ్చి సన్నాసిని! ఇన్నేళ్లుగా ప్రతి కచేరీ అయ్యాక, ఆ మాటే మళ్లీ ఎవరైనా అంటారేమోనని సామాను నెమ్మదిగా సర్దుతుంటాను.