తీపి తగిలేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో వరన్నం ఆదివారం మాత్రమే. మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. అమ్మా నాన్నా మిరప చేలల్లో కూలికి పోయేవాళ్లు. వారమంతా జొన్న సంకటి తిని, చర్చి నుంచి వచ్చాక ఆదివారం మధ్యాహ్నం తెల్లన్నం తినేవాళ్లం. పాస్టరు గారి ప్రసంగం ఎంత పొడుగైతే నాకూ మా తమ్ముడికీ ఆయన మీద అంత కోపం.

ఒక ఆదివారం మా నాయనమ్మ వడ్డించడానికి కూర్చుని ఆట పెట్టింది. ముందు చెరో బెల్లంముక్క ఇచ్చింది. నాలుక మీద పెట్టగానే తీపి. తరవాత కూర కలపని ఉత్త అన్నం ఒక ముద్ద పెట్టి, “మింగమాకండర్రా. తీపి తగిలేదాకా నవలండి. ముందు ఎవరికి తగిలితే వాళ్లే గెలిచినట్టు” అంది. నమలగా నమలగా నిజంగానే అన్నం తియ్యగా అయింది. తమ్ముడు చెయ్యెత్తి గెంతాడు. ఆఖర్న పులుసులోని ములక్కాడ ముక్క ఇచ్చింది. గుజ్జు పోయాక మిగిలిన పీచుని దవడలు నొప్పెట్టేదాకా నమిలాం. అది తియ్యగా అవనూ లేదు, నలగనూ లేదు.

“బెల్లం పైకే తీపి. అన్నం లోపల దాచుకుంటుద్ది, కడుపులోకి పోయాక బయటపెడుద్ది. పీచు ఎంత నమిలినా పీచే. తీపి ఇవ్వదు గానీ ఆకలిని ఆపుద్ది, కడుపుని కడుగుద్ది” అంది.

ఆ రోజు కుండలో అన్నం మా ఇద్దరికీ సరిపడా లేదని చాలా ఏళ్లకి గానీ నాకు తెలియలేదు. ముద్దని అంతసేపు నమిలిస్తే మేం రెండోసారి అడక్కుండా ఉంటామని ఆవిడ ఎత్తు. ఆవిడ మాత్రం పులుసు తాగి పడుకుంది. ఆట వెనక ఆకలి ఉందన్న మాటే గానీ, ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

తమ్ముడు పెద్దవాడై కౌలుకి మిరప వేసి కాస్త నిలదొక్కుకున్నాడు. అప్పట్నుంచి వాడింట్లో జొన్నలు కనపడలేదు. మూడు పూటలా తెల్లన్నమే. బియ్యంలో రవ్వంత తవుడు కనపడినా మిల్లువాడితో పేచీ పెట్టుకునేవాడు. చుట్టాలొస్తే అన్నం తెల్లదనం చూసి మెచ్చుకోవాలి. వాడొక్కడే కాదు, మా వాళ్లందరిదీ అదే తీరు. జొన్న తిన్న రోజుల మీద అలా కసి తీర్చుకున్నాం.

వాడికి షుగర్ వచ్చింది. డాక్టరు అన్నం కూడా తగ్గించమన్నాడు. వాడు టీలో పంచదార మానేశాడు, అరిసె ముట్టుకోలేదు, అంతటితో తన వంతు అయిపోయిందనుకున్నాడు. రాత్రిళ్లు అన్నం మానేశానని గొప్పగా చెప్పి ఇడ్లీలు లాగించేవాడు, అందులోనూ బియ్యపు రవ్వే ఎక్కువ. ఆకుకూరని పళ్లెం అంచుకి నెట్టేసేవాడు. నేను ఉండబట్టలేక నాయనమ్మ ఆట గుర్తు చేశాను.

“అప్పుడు లేక తినలేదక్కా. ఇప్పుడు దేవుడిచ్చాడు. నన్ను కడుపునిండా తిననియ్యి” అన్నాడు.

ఆకలితో పెరిగినవాణ్ణి ముద్ద తగ్గించుకోమని ఏ నోటితో చెప్పను?

ఆ ఏడు కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే వాడి కాలికి పుల్ల గుచ్చుకుంది. స్పర్శ పోయిన కాలు, గుచ్చుకున్నట్టు కూడా తెలియలేదు. పుండు మానలేదు. ముందు వేళ్లు తీశారు, తరవాత మోకాలిదాకా తీశారు, ఆ తరవాత మనిషే పోయాడు. వాడు పోయాక చర్చివాళ్లతో పెట్టిన ఆదరణ కూడికకి వచ్చినవాళ్లు తెల్లన్నం కడుపునిండా తిని, భోజనం ఎంత బాగా పెట్టారో అని మెచ్చుకుంటూ వెళ్లారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు వాడి కొడుక్కీ షుగర్. నా దగ్గరికి భోజనానికొస్తే పళ్లెంలో సగం చిక్కుడుకాయ, తోటకూర పెట్టి అన్నం ఒక్క గరిటె వేస్తాను. “ఇంత పిసినారివేంటి అత్తా” అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. మా నాయనమ్మ అన్నం లేక ఆపింది. నేను గిన్నెడు అన్నం ముందు పెట్టుకుని, ఇంకొంచెం వెయ్యమని అడిగే బిడ్డకి వెయ్యకుండా ఉండటం నేర్చుకుంటున్నాను, ఈ వయసులో.