అక్క కత్తెర

మా అక్క కాలు ఒక్కచోట నిలవదు. ఇంటి ముందుగదే మా దర్జీ కొట్టు; అక్క కత్తిరించి కుడుతుంది, చెల్లెల్ని కాబట్టి కాజాలూ బొత్తాలూ నా నెత్తిన. మిషను ముందు లేకపోయినా అక్క కాలు తొక్కుతూనే ఉంటుంది. బల్ల కదిలి సూది నా వేలికే దిగుతుంది. "బండి ఆపు తల్లీ!" అంటే నవ్వుతుంది.

పోయినేడాది ఆ బండికి పగ్గాలు తెగాయి. బడిపిల్లల యూనిఫారాలకి వచ్చిన గుడ్డ తాను మొత్తం కత్తిరించి పారేసింది. చొక్కాకి ఒక్క జేబు చాలంటే ఆరు పెట్టింది. "పిల్లలకి దాచుకునేవి బోలెడుంటాయే, పెద్దాళ్ళకేం తెలుసు!" నిద్ర లేదు, నోటికి విరామం లేదు. గుడ్డంతా జేబులకే అయిపోయి చేతులకి మిగల్లేదు. బడివాళ్ళు చెడామడా తిట్టి పోయారు. ఆ తర్వాత అదే అక్క మంచం దిగలేదు. తల దువ్వుకోమన్నా ఏడ్చేది.

ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ దీన్ని బైపోలార్ డిజార్డర్ అంది. "మనసు ఒకసారి మరీ పైకి లేస్తుంది, ఒకసారి మరీ కిందికి పడిపోతుంది. ఇది పొగరూ కాదు, బద్ధకమూ కాదు, జబ్బు. బాగుంది కదా అని మాత్రలు మానొద్దు. రక్తపరీక్షలకి రండి. నిద్ర తగ్గితే వెంటనే నాకు చెప్పండి."

అమ్మ నిద్ర సంగతి వదిలేసి నవ్వుని పట్టుకుంది. కత్తెర బీరువాలో పెట్టి తాళం వేసింది. రోజూ పొద్దున అక్క ముఖం పరీక్షగా చూశాక గానీ ఇచ్చేది కాదు. నా జోకుకి అక్క పకపకా నవ్విందా, వంటింట్లోంచి కేక: "మాత్ర వేసుకున్నావా?" ఇక ఆ రోజుకి కత్తెర లేదు. నాకు ఒళ్ళు మండేది. తాడుని చూసి పామనుకోవడమంటే ఇదే.

"నవ్వితే మాత్ర, ఏడిస్తే మాత్ర! నేను మనిషినా, మందుల డబ్బానా?" అంది అక్క ఒకరోజు. "కత్తెర నా చేతిలో లేనప్పుడు నేనేం దర్జీని? మూసేద్దాం కొట్టు." అమ్మ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది గానీ తాళంచెవి ఇవ్వలేదు.

మొన్న పొద్దున అక్క నవ్వలేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. అమ్మ సంతోషంగా కత్తెర తీసిచ్చింది. అక్క గుడ్డ పరిచి, చాక్‌ముక్కతో గీతలు గీసి, ఆగిపోయింది. బల్ల కింద కాలు మాత్రం ఎన్నడూ లేనంత జోరుగా ఆడుతోంది. కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళి, కత్తెర అమ్మ చేతిలో పెట్టింది.

"రెండు రాత్రులుగా నిద్ర లేదమ్మా. అయినా అలసటే లేదు, హాయిగా ఉంది. అందుకే భయమేస్తోంది. మళ్ళీ జేబులు పెట్టాలనిపిస్తోంది. ఇది దాచు. డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద."

ఉన్నపళంగా బయల్దేరాం. డాక్టరమ్మ అక్కతో చాలాసేపు మాట్లాడింది, రక్తపరీక్ష రాసింది, మందు మార్చింది. అప్పుడు గానీ ఎవరం చూడలేదు, అమ్మ చేతిలో కత్తెర అలాగే ఉంది.

"ఇదెందుకు తెచ్చారండీ?" అంది డాక్టరమ్మ.

"మా పెద్దమ్మాయిదండీ. దాచమని ఇచ్చింది," అంది అమ్మ. "నిద్ర పట్టాక తనే అడిగి తీసుకుంటుంది."